గురువుగారి ఎడమ పక్కన

నాదస్వరం మేళంలో మామూలుగా రెండు సన్నాయిలు ఉంటాయి. ఒకటి పెద్దాయనది, రెండోది పక్కన కూర్చున్నవాడిది. జనం చూపంతా పెద్దాయన మీదే ఉంటుంది. రెండోవాడు ఏం చేస్తున్నాడో ఎవరికీ పట్టదు. నిజానికి వాడు తన పని సరిగ్గా చేస్తే విడిగా వినపడనే వినపడడు. నేను చాలా ఏళ్లు ఆ రెండోవాణ్ణి. మా గురువుగారికి ఎడమ పక్కన నా చోటు. పెళ్లిళ్లు, గుడి ఉత్సవాలు, ఊరేగింపులు, త్యాగరాజ ఆరాధనలు, అన్నీ ఆ చోట్లో ఉండే వాయించాను.

నాతోటి వాళ్లు కొందరు తిరుపతి వెళ్లి టీటీడీ వారి పాఠశాలలో నాదస్వరం నేర్చుకున్నారు. నాది ఇంటి చదువు. తెల్లవారుజామున గురువుగారి వసారాలో మొదటి పాఠాలైన సరళీ స్వరాల దగ్గర మొదలుపెట్టి వర్ణాల దాకా ఆయన ఎదురుగా చాప మీద కూర్చునే నేర్చుకున్నాను. అదంతా ఒక చదువు. ఆయన పక్కన కూర్చుని పదిమందిలో వాయించడం ఇంకో చదువు. ఎదురుగా ఉన్నప్పుడు ఆయన వేళ్లు చూసేవాణ్ణి. పక్కకి వెళ్లాక వేళ్లు కనపడవు. కనపడేది ఆయన భుజం, మెడ, ఉబ్బిన బుగ్గ. అంటే ఆయన ఊపిరి. నాకు అసలు విద్య అక్కడే అబ్బిందని గట్టిగా నమ్ముతాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మా గురువుగారు సాయిబు గారు. ఈ మాట చెబితే బయటి ఊళ్ల వాళ్లు ఆశ్చర్యపోతారు గానీ గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి ఇందులో వింతేమీ లేదు. తరాలుగా ఇక్కడి ముస్లిం కుటుంబాలు గుళ్లలో, పెళ్లిళ్లలో నాదస్వరం వాయిస్తున్నాయి. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా గారు ఆ ఇళ్ల నుంచి వచ్చినవారే. నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర తంజావూరు బాణీ నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులు జంటగా వాయిస్తారు. పద్మశ్రీ కూడా ఇద్దరికీ కలిపే ఇచ్చారు. ఆ జంట వాయిద్యం వినేటప్పుడు నా చెవి ఎప్పుడూ అతుకుల కోసం వెతుకుతుంది. ఎవరు ఎక్కడ ఆపారు, ఎవరు ఎక్కడ అందుకున్నారు అని. ఇది రెండోవాడిగా వాయించినవాడి అలవాటు.

మొదట్లో నాకు మా గురువుగారి పక్కన రాగం ఊదే పని లేదు. ఆధార షడ్జం, అంటే 'స', పట్టుకుని కూర్చోవడమే. పాత రోజుల్లో మేళంలో ఒత్తు అని ఒక వాద్యం ఉండేది. స్వరాలు పలికించేందుకు కాదు, ఒకే శ్రుతి ఆపకుండా ఊదేందుకు. బుగ్గల్లో గాలి నిలవ ఉంచుకుని, ముక్కుతో పీల్చుకుంటూ, గంటల తరబడి ఊదేవాళ్లు. ఇప్పుడు ఆ పని ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె చేస్తోంది. మా మేళంలోనూ శ్రుతి పెట్టె ఉంది. అయినా గురువుగారు ఆలాపన చేస్తుంటే నన్ను 'స' పట్టమనేవారు. పెట్టె ఉండగా ఇదెందుకు అని అడగాలని ఉండేది గానీ అడగలేదు. కొన్నాళ్లకి నాకే తెలిసింది. ఆయన నా 'స' మీద ఆనుకుని పై స్థాయికి వెళ్లేవారు. పెట్టెలోంచి వచ్చే శ్రుతికీ, పక్కనున్న సన్నాయిలోంచి వచ్చే శ్రుతికీ తేడా ఉంది. రెండోది ఆయన వాద్యం లాగే మోగుతుంది కాబట్టి ఆయన తారస్థాయి గాంధారం, అంటే పై 'గ', మీద నిలబడ్డప్పుడు రెండూ కలిసి గుడి మంటపమంతా నిండేది.

ఒకసారి ఊరేగింపులో, అప్పటికి చాలాసేపు నడిచి ఉన్నాం, ఆయన పీక, అంటే సన్నాయి కొసన నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు ముక్క, అలిసిపోయి శ్రుతి కాస్త దిగింది. నేనూ ఆయనతో పాటు దించాను. శిష్యుడు గురువు వెంట వెళ్లాలి కదా అనుకున్నాను. మంటపం దగ్గర ఆగినప్పుడు నీళ్లు తాగుతూ అన్నారు. "కాలం విషయంలో నా ఎంటే రా. శ్రుతి విషయంలో మాత్రం నా ఎంట రాబాక. నువ్వు శ్రుతి కాడే ఉండు, నేనే వస్తా."

ఆ తర్వాత ఎంతోమంది పక్కన వాయించాను. చాలామంది పెద్దవాళ్లు పక్కవాడు తమతోపాటే పెరగాలి, తరగాలి అనుకుంటారు. తాను జారితే పట్టుకోవాల్సింది శిష్యుడే అని ముందుగానే అప్పజెప్పిన మనిషిని ఈయన్నొక్కరినే చూశాను.

మా వాద్యం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. నాదస్వరానికి వేళ్లు మూసే రంధ్రాలు ఏడే. కింద ఇంకో ఐదుంటాయి, అవి శ్రుతి సరిచేసుకోవడానికి మైనంతో మూసుకునేవి. హార్మోనియంలో లాగా ఒక్కో స్వరానికి ఒక్కో మెట్టు ఉండదు. మిగతా స్వరస్థానాలన్నీ వేలు సగం తీసి, పెదవి బిగించి, గాలి పెంచి తగ్గించి పలికించుకోవాలి. తమిళనాడులో నరసింగంపేట అనే ఊళ్లో ఆచ్చా కర్రతో చేస్తారు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాల కర్ర అయితే ఇంకా మంచిది, బాగా ఎండి ఉంటుంది. 2022లో ఆ ఊరి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. పీక మాత్రం కావేరి ఒడ్డున పెరిగే ఒకరకం రెల్లుతో చేస్తారు. పిడికెడు కూడా లేని ఆ పీక మీదే కచేరీ అంతా ఆధారపడి ఉంటుంది. ఎండకి ఒకలా, మంచుకి ఒకలా, నోటి తడికి ఒకలా మాట్లాడుతుంది. అందుకే వాద్యానికి దారం కట్టి నాలుగైదు పీకలు వేలాడదీసుకుంటాం.

ఇలాంటి వాద్యాలు రెండు ఒకే స్వరం మీద కలవాలి. తోడి రాగంలో గాంధారాన్ని ఇద్దరూ ఒకే జాగాలో, ఒకే వేగంతో ఊపాలి. కొంచెం అటూ ఇటూ అయినా రెండు కందిరీగలు పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. దానికి నేను ఎన్ని చెప్పినా చివరికి చెవే గతి. గురువుగారు నాకు చెప్పిన ఉపాయం ఒకటే, ఆయన కంటే తగ్గి ఊదమని. నా సన్నాయి నాకు వినపడుతోందంటే ఎక్కువ ఊదుతున్నట్టు లెక్క. ఆయన సన్నాయి నాకు వినపడుతూ, నాది వేళ్ల కింద మాత్రమే తెలుస్తుంటే సరిపోయినట్టు.

ఇక ఊపిరి సంగతి. నాకు అన్నిటికంటే విలువైంది ఇదే.

గాత్ర కచేరీలో పాడేవారు ఊపిరి తీసుకుంటే వయొలిన్ నిలబెడుతుంది. మాకు ఇద్దరికీ ఊపిరే వాద్యం. ఇద్దరూ ఒకే చోట ఊపిరి తీస్తే పాట తెగుతుంది, డోలు ఒక్కటే మిగులుతుంది. కాబట్టి ఒకరు తీసుకునేటప్పుడు ఇంకొకరు ఊదుతూ ఉండాలి. ఆయన పెద్ద కాబట్టి ఆయనకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ తీసుకుంటారు, మామూలుగా సంగతి చివర్లో (పాటలో ఒకే పాదాన్ని మార్చి మార్చి వాయించే ఒక్కో తీరుని సంగతి అంటాం). నేను అంతకు ముందో తర్వాతో తీసుకోవాలి. చెప్పడానికి తేలికే. కానీ అంతకు ముందు అంటే ఎక్కడ?

మొదట్లో నాకు గాలి అయిపోయిన చోట తీసేవాణ్ణి. ఒక రోజు వసారాలో 'నగుమోము' వాయిస్తున్నాం. "నగుమోము గనలేని నాజాలి తెలిసి" అన్న ఎత్తుగడలో నేను 'గన' తర్వాత ఊపిరి తీశాను. ఆయన వాద్యం ఒళ్లో పెట్టుకుని నా వంక చూశారు.

"ఏందిరా అబ్బాయ్, మాటని ఇరగ్గొట్టావు?"

"గాలి అయిపోయింది గురువుగారూ."

"నగుమోము గన, అని ఆపితే ఏమైంది? త్యాగయ్యకి రాముడు కనపడినట్టే గదా? కనపడితే ఇంక ఏడుపెందుకు? 'గనలేని' దాకా పో. అక్కడ తీసుకో. అక్కడిదాకా గాలి లేకపోతే ముందు చరణంలోనే దాచుకో."

అప్పటిదాకా నాకు ఆ పల్లవి అంటే ఆభేరి రాగంలో ఒక స్వరాల వరుస. సాహిత్యం తెలుసు, పాడగలను, అయినా వాయించేటప్పుడు మాట మనసులో ఉండేది కాదు. ఆ రోజు నుంచి ఆయన నాకు కొత్త పద్ధతి పెట్టారు. ఏ కీర్తనైనా ముందు నోటితో చదవాలి. రాగం లేకుండా, మామూలుగా మనిషితో మాట్లాడినట్టు. ఎక్కడ ఆగితే అర్థం చెడదో అక్కడ ఆగాలి. అదయ్యాక పాడాలి. ఆ తర్వాతే పీక నోట్లో పెట్టాలి. తుత్తుకారం, అంటే నాలుకతో గాలిని కొట్టి అక్షరం పలికించడం, అది కూడా మాట మొదట్లో పడాలి గానీ మధ్యలో పడకూడదు. వినేవాళ్లకి సన్నాయిలో మాటలు వినపడవు కదా అని ఎవరైనా అనొచ్చు. పాట తెలిసినవాళ్లకి వినపడతాయి. మన పల్లెల్లో త్యాగరాజ కీర్తన తెలిసిన ముసలమ్మ పెళ్లిపందిట్లో ఎక్కడో ఒక మూల కూర్చుని పెదవులు కదుపుతూనే ఉంటుంది. గురువుగారు ఆవిడ కోసం వాయించేవారు.

మాటలే లేనివి ఉంటాయి. స్వామి గుడిలోంచి బయటికి వచ్చేటప్పుడు గంభీరనాట రాగంలో మల్లారి వాయిస్తాం. దానికి సాహిత్యం లేదు, అంతా లెక్క. అక్కడ ఊపిరి డోలు దెబ్బని బట్టి. మా డోలు వాయించే ఆయన ఎడమచేతి పుల్లతో ఎక్కడ గట్టిగా కొడతారో చూసుకుని ఆ దెబ్బ కింద ఊపిరి దాచేవాళ్లం. ఎవరికీ తెలిసేది కాదు. ఇది ఎవరూ నాకు చెప్పలేదు. గురువుగారి భుజం ఎప్పుడు లేస్తోందో చూసి పట్టుకున్నాను.

ఒక ఉత్సవంలో రాత్రి, మల్లారి మంచి జోరులో ఉండగా ఆయన పీక చీలింది. చిన్న చీలికే, కానీ గాలి పక్కకి పోతూ శబ్దం బొంగురుపోయింది. ఆయన నా వైపు చూడలేదు, సైగ చేయలేదు. వాద్యం దించి, వేలాడే పీకల్లో ఒకటి తీసి నోట్లో పెట్టుకుని తడుపుకుంటూ నడుస్తున్నారు. కొత్త పీక తడిసి దారికి రావాలంటే కాస్త సమయం పడుతుంది. అంతసేపూ మల్లారి నాది. ఆ నడి వీధిలో, కాగడాల వెలుగులో, అంత జనం ముందు, మొదటిసారి ఒంటరిగా వినపడుతున్నాను. చేతనైనదంతా చూపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే ఆయన వదిలిన చోటు మధ్య స్థాయి పంచమం, అంటే 'ప'. అక్కడి నుంచి నేను పైకి వెళ్లిపోతే ఆయన తిరిగి చేరడానికి నా వెనక పరుగెత్తాలి. అందుకని ఆ చుట్టుపక్కలే, ఆయన అంతకుముందు వాయించిన ముక్కలనే తిప్పి తిప్పి ఊదాను. ఆయన వాద్యం ఎత్తి, ఎక్కడ వదిలారో అక్కడే వచ్చి కలిశారు. డోలు ఆయన నవ్వుతూ గట్టిగా ఒక తీర్మానం, అంటే ముగింపు దెబ్బల వరుస, వేశారు. తర్వాత గురువుగారు ఆ సంగతి ఎత్తనే లేదు. ఆ ఏడాది నుంచి ఆలాపనలో సగం నాకు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆలాపన పంచుకోవడం కూడా అదే లెక్క. ఆయన ఒక స్వరం మీద ఆపుతారు, నేను ఆ స్వరం మీదే అందుకోవాలి, అంతే గాలితో. ఆయన పంచమం మీద సన్నగా వదిలితే నేను పంచమం మీద సన్నగానే మొదలుపెట్టాలి. గట్టిగా మొదలుపెడితే, అది రాగం కాదు, నేనొచ్చానని చెప్పుకోవడం.

రంజాన్ నెలలో ముహూర్తాలు పడితే ఆయన ఉపవాసంతోనే వచ్చేవారు. నోరు ఎండిపోతుంది, పీక తడవదు. ఆ రోజుల్లో ఎక్కువ బరువు నా మీద ఉండేది. నేను ఆలాపన చేస్తుంటే ఆయన నాకు 'స' పట్టేవారు. అంత పెద్దాయన నా పక్కన షడ్జం పట్టుకుని కూర్చోవడం నాకు మొదట్లో భరించలేనంత ఇబ్బందిగా ఉండేది, చేతులు వణికేవి. ఆయనకి మాత్రం అందులో ఏమీ ఉండేది కాదు. నిండుగా, నిలకడగా, ఇష్టంగా పట్టేవారు. రెండోవాడి పని ఎలా చేయాలో నేను పూర్తిగా నేర్చుకుంది, ఆయన ఆ పని నాకు చేసినప్పుడే.

పెళ్లిళ్లలో ఇంకో సంగతి ఉంది. అక్కడ మన పాట ఎప్పుడు తెగుతుందో మన చేతిలో ఉండదు. జీలకర్ర బెల్లం దగ్గర, మంగళసూత్రం దగ్గర పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అంటారు. ఆ క్షణంలో చెడుమాట ఏదీ చెవిన పడకూడదని గట్టిమేళం. కల్యాణి రాగంలో ఎంత గొప్ప సంగతి మీద ఉన్నా సరే, అక్కడికక్కడ వదిలి అందుకోవాలి. నాకు తెలిసిన చాలామంది అది కాగానే వేరే పాట ఎత్తుకుంటారు. గురువుగారు అలా కాదు. అక్షింతలు పడి, గోల తగ్గగానే, ఎక్కడ తెగిందో ఆ మాట దగ్గరికే వెళ్లి కీర్తన పూర్తి చేసేవారు. భోజనాల హడావుడిలో ఎవరూ వినరని తెలుసు. "మొదలుపెట్టిన మాట చెప్పాల గదరా" అనేవారు. పెళ్లివారు సినిమా పాట అడిగితే కూడా ఇంతే శ్రద్ధ. ముందు నన్ను సాహిత్యం చెప్పమనేవారు, తెలియకపోతే అడిగినవాళ్లనే పాడి వినిపించమనేవారు, విన్నాకే ఊదేవారు. ఆ పాటలోనూ మాట విరగకూడదు.

డబ్బుల దగ్గర కూడా ఆయన మాట మాటే. తాళం వేసే కుర్రాడు భోంచేశాడో లేదో కనుక్కోకుండా ఆయన విస్తరి ముందు కూర్చోవడం నేను చూడలేదు. కొన్ని ఇళ్లలో మేళం వాళ్లని ఆఖరి బంతికి పిలిచేవారు. ఆయన నోరెత్తేవారు కాదు గానీ మా అందరికీ తెలుసు ఆయనకి బాధ అని.

ఇప్పుడు ఆయన ఊదడం లేదు. ముందు పళ్లు పోయాక పీక పట్టు దొరకదు, మా వాద్యంలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. నేను వేరే గుళ్లో వాయిస్తున్నాను, నా ఎడమ పక్కన ఒక కుర్రాడు ఉన్నాడు. చురుకైనవాడు, వేళ్లు నాకంటే బాగా కదులుతాయి. యూట్యూబులో పెద్దవాళ్లవన్నీ వింటాడు, స్వరం రాసుకుంటాడు. ఒకరోజు కీర్తన పుస్తకం తెచ్చి, అన్నా, ఇందులో ఊపిరి ఎక్కడ తీయాలో లేదేంటి అని అడిగాడు. లేదు మరి. ఏ పుస్తకంలోనూ ఉండదు. స్వరం ఉంటుంది, తాళం గీతలు ఉంటాయి, మాట ఉంటుంది. ఊపిరి మాత్రం పక్కన కూర్చున్నవాడికే తెలుస్తుంది, వాడు పోతే వాడితోపాటే పోతుంది.

అందుకని కొన్నాళ్లుగా వీలున్నప్పుడల్లా గురువుగారింటికి వెళ్లి ఒక పని చేస్తున్నాను. కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుంటాం. ఆయన మెల్లగా పాడతారు, ఆయన ఊపిరి తీసిన చోట నేను ఎర్ర పెన్నుతో నిలువు గీత పెడతాను, నేను తీసే చోట నీలం గీత. త్యాగరాజ పంచరత్న కీర్తనల్లో నాట, గౌళ, ఆరభి రాగాలవి అయ్యాయి. వరాళి రాగంలోది ఇంకా అవ్వలేదు. గురువు ఎదురుగా కూర్చోబెట్టి వరాళి నేర్పకూడదని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది, గురుశిష్యులకి ఎడబాటు వస్తుందంటారు. అది పక్కన కూర్చునే విని నేర్చుకున్నాను. ఇప్పుడూ అలాగే చేద్దామన్నారు, ఆయన మంచం మీద, నేను పక్కన కుర్చీలో.

వేరే మేళాల్లో రెండో సన్నాయి వాయించిన పెద్దలు ఇది చదివితే దయచేసి మీరూ ఈ పని మొదలుపెట్టండి. మీ గురువుగారి గీతలూ మా గురువుగారి గీతలూ ఒకటిగా ఉండవు. మోహన రాగంలో ఒక కీర్తన అనుపల్లవి దగ్గర మా గురువుగారే మొన్న ఒకచోట ఆగారు, ఆ ముందు వారం ఇంకోచోట ఆగారు. ఏది ఖాయం చేయమంటారు అని అడిగాను. రెండూ పెట్టుకోమన్నారు, మొదటిది గుళ్లో వాయించేటప్పటికి, రెండోది నడుస్తూ వాయించేటప్పటికి.